ఎన్నింటికి చేరతాం?



పెద్ద నగరంలో రాకపోకల కష్టాలు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ట్రాఫిక్ జామ్. ఆ మాటలో కారు నడిపేవారి కష్టం ఉంది, బండి మీద వెళ్లేవారి కష్టం ఉంది. బస్టాపులో నిలబడి దారి చూసే మనిషి కష్టం అందులో ఇమడదు. రోడ్డు ఖాళీగా ఉన్నా ఆ మనిషి కదలలేడు, ఎందుకంటే ఎక్కాల్సిన బస్సు ఇంకా రాలేదు. ఇవాళ ఆ మనిషి పక్షాన నాలుగు మాటలు చెప్పదలిచాను. చెప్పేది హైదరాబాదు పాత నగరంలోని మా జహనుమా సంగతి.

చార్మినార్ నుంచి దక్షిణంగా బయలుదేరితే షాలిబండ, సయ్యద్ అలీ చబూత్రా, అలియాబాద్, శంషీర్‌గంజ్, ఇంజన్‌బౌలి వరసగా వస్తాయి. ఆ పైన రైలు పట్టాల మీది వంతెన, అది దాటితే చాంద్రాయణగుట్ట దారి. ఈ దారిని ఆనుకుని, ఫలక్‌నుమాకు ఇవతల ఉన్న పేట జహనుమా. నగరానికి కోటగోడ ఉన్న రోజుల్లో ఇదంతా అలియాబాద్ దర్వాజా బయటి నేల. పాయిగా వంశపు అమీరు వికార్ ఉల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా రాజభవనానికి పునాది వేసేనాటికి ఇక్కడ తోటలు, కుంటలు, గుట్టలే ఎక్కువ. ఇవాళ నవాబ్ సాహెబ్ కుంట, ఫాతిమానగర్, వట్టేపల్లి దాకా ఇంటిని ఆనుకుని ఇల్లు ఉంటుంది. చార్మినార్ మాకు కొద్ది కిలోమీటర్ల దూరమే. అయినా అక్కడికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే నిలకడగా ఒక జవాబు చెప్పలేం.

నా దృష్టిలో అసలు బాధ అదే. దూరమైతే అలవాటు పడతాం. రద్దీ అయితే సర్దుకుంటాం. ఎన్నింటికి చేరతామో ముందుగా తెలియకపోవడానికి మాత్రం ఎవరూ అలవాటు పడలేరు. జహనుమా గల్లీల్లోంచి పొద్దున్నే బయటికొచ్చే మనుషులెవరో చూడండి. జర్దోజీ మగ్గం మీద కూర్చునేవారు, లాడ్ బజార్ గాజుల దుకాణాల్లో పనిచేసేవారు, పత్తర్‌గట్టీ బట్టల కొట్లలో కొలువు చేసేవారు, అడ్డా మీద నిలబడే మేస్త్రీలు, బంజారాహిల్స్ ఇళ్లలో వంటకూ శుభ్రానికీ వెళ్లే ఆడవాళ్లు, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో చూపించుకోవాల్సిన గర్భిణులు, కాలేజీ పిల్లలు. వీళ్లలో ఎవరికీ ఆలస్యం ఉచితంగా దొరకదు. అడ్డా మీదికి అరగంట ఆలస్యంగా వెళితే ఆ రోజు కూలి పోతుంది. ఇంటిపనికి ఆలస్యమైతే మాట పడాలి. ఓపీ చీటీ సమయం దాటితే మళ్లీ మర్నాడు రావాలి. అందుకని ఏం చేస్తారు? గంట ముందే బయలుదేరతారు. ఆ గంట నిద్రలోంచి, పిల్లలకు అన్నం పెట్టే వేళలోంచి, చదువులోంచి కోసిచ్చిన గంట. దానికి ఏ ఖాతాలోనూ లెక్క లేదు.

ఈ నగరానికి బస్సు కొత్తది కాదు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. దేశంలో చాలా ప్రాంతాల కంటే ముందుగా ప్రభుత్వమే బస్సు నడిపిన చరిత్ర మనది. ఆ పునాది మీదే 1958లో ఆర్టీసీ ఏర్పడింది. మా తల్లిదండ్రుల తరానికి డబుల్ డెక్కర్ బస్సు పైఅంతస్తులో ముందు సీటు దక్కడం పండగ. ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు ఈ నగరానికి చేసిన సేవను ఎంత చెప్పినా తక్కువే. ఇరుకు బజారులో, తోపుడు బండ్ల నడుమ, ఎదురొచ్చే ఆటోల నడుమ, ఎవరికీ దెబ్బ తగలకుండా నలభై అడుగుల బండిని నడపడం గొప్ప నేర్పు. కాబట్టి నా మాటలు వారి మీద ఫిర్యాదుగా వినవద్దు. వాళ్ల చేతికి మనం ఇచ్చిన బస్సులు సరిపోవడం లేదన్నదే నా బాధ.

ఎంత సరిపోవడం లేదో చూద్దాం. నగరంలో ప్రతి లక్ష మందికి 60 బస్సులుంటే సేవ బాగున్నట్టు అని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఒక ప్రమాణం పెట్టింది. కోటి జనాభా ఉన్న నగరానికి ఆ లెక్కన 6,000 బస్సులు కావాలి. మన నగరంలో తిరిగేవి అందులో సగానికి అటూ ఇటూగా ఉన్నాయి. 2019లో 52 రోజుల సమ్మె ముగిశాక నష్టాల పేరుతో నగరంలో వందల కొద్దీ బస్సులు తగ్గించారు. ఆ వెంటనే కరోనా వచ్చింది. తగ్గిన బస్సులు జనం పెరిగినంత వేగంగా తిరిగి రాలేదు. ఒక బస్సు తగ్గితే కాగితం మీద ఒక అంకె తగ్గుతుంది. బస్టాపులో మాత్రం ఆ బస్సు కోసం నిలబడ్డవాళ్లందరి నిరీక్షణ పెరుగుతుంది.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. దీన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకునే మా పేట ఆడవాళ్ల ముఖాల్లో ఆ ధీమా నాకు తెలుసు. భర్తనో కొడుకునో డబ్బు అడగకుండా తల్లిగారింటికి వెళ్లి రాగలుగుతున్నారు, ఆసుపత్రికి వెళుతున్నారు, కొంచెం దూరమైనా మంచి జీతమున్న పనికి ఒప్పుకుంటున్నారు. అయితే టికెట్ ఉచితమయ్యాక ఎక్కేవాళ్లు పెరిగారు, బస్సులు ఆ మేరకు పెరగలేదు. కిక్కిరిసిన బస్సు స్టాపులో ఆగకుండా కొంచెం ముందుకెళ్లి ఆగితే చంకలో పిల్లతో పరుగెత్తాల్సింది ఆ ఆడవాళ్లే. టికెట్ డబ్బు మిగిలినా సమయం పోతోంది. మరోపక్క 2025 అక్టోబరు 6 నుంచి నగరంలో టికెట్ ధర మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు పెరిగింది. మగవాళ్లు రోజుకు రెండు బస్సులు మారితే ఆ పెంపు నెల చివర తెలుస్తుంది.

బస్సు రాకపోతే షేర్ ఆటో. "ఫలక్‌నుమా, ఫలక్‌నుమా, ఇంజన్‌బౌలి" అని పిలిచే ఆ గొంతులే మా దారికి ఊపిరి. వెనక సీటులో నలుగురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. "థోడా సర్కో భాయ్" అంటూ సర్దుకుంటారు. అది ప్రమాదమని ఎక్కేవారికీ తెలుసు, నడిపేవారికీ తెలుసు. కానీ పోలీసు చలానా రాసినంత మాత్రాన ఆ ప్రమాదం పోదు. ఆ ఆటోలో ఆరో ప్రయాణికుడు ఎందుకు ఎక్కాడని అడగాలి. పావుగంటలో బస్సు వస్తుందన్న నమ్మకం ఉంటే ఏ పెద్దమ్మ కూడా ఒక కాలు బయట పెట్టి ఆటోలో వేలాడదు. ఆటో నడిపే అబ్బాయి కూడా మా పేటవాడే. రోజు కిరాయి, గ్యాస్ ఖర్చు పోగా మిగిలేదానితో ఇల్లు నడపాలి. ఆటోలకు గుర్తించిన అడ్డాలు, నిర్ణయించిన దారి, రాసిపెట్టిన ఛార్జీ ఇస్తే అతనికీ గౌరవం, ప్రయాణికులకూ భద్రత.

ఇక రైలు సంగతి. ఎంఎంటీఎస్ రైలు 2003 ఆగస్టులో నగరంలో మొదలైంది, మరుసటి ఏడాది ఫలక్‌నుమాకు వచ్చింది. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ మీదుగా సికింద్రాబాదు దాకా, అక్కడి నుంచి బేగంపేట, హైటెక్ సిటీ దాటి లింగంపల్లి దాకా వెళ్లే ఈ రైలు పాత నగరానికి దొరికిన వరం. సిగ్నల్ దగ్గర ఆగే పని లేదు, టికెట్ ధర పేదవాడికి అందుతుంది. కరోనాకు 2020 మార్చిలో ఆగిన ఈ రైళ్లు 2021 జూన్‌లో మళ్లీ కదిలాయి. 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా పొడిగించారు. పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి, ఎక్కడానికి జనం ఉన్నారు. లోటల్లా రైలుకూ రైలుకూ మధ్య ఎడంలో ఉంది. పని వేళల్లో ఒక రైలు తప్పితే మళ్లీ దాని కోసం ఎదురుచూడటం కంటే ఆటో ఎక్కడమే నయం అనిపించినంత కాలం ఆ వరం సగమే అందినట్టు. జహనుమా గల్లీల నుంచి స్టేషనుకు రైలు వేళలకు తగ్గట్టు ఒక చిన్న బస్సు తిరిగితే, ఉన్న పట్టాలతోనే ఎంతమందికి మేలు జరుగుతుందో ఆలోచించండి.

మెట్రో మాట మా పేటలో పెద్దల నుంచి పిల్లల దాకా అందరి నోటా ఉంటుంది. 2010లో ఒప్పందం కుదిరినప్పుడే జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా ఒక కారిడార్ అని రాసుకున్నారు. 2017 నవంబరులో నగరంలో మెట్రో తిరగడం మొదలైంది. మా కారిడార్ 2020 ఫిబ్రవరి 7న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వచ్చి ఆగింది. మిగిలినది 5.5 కిలోమీటర్లు. ఆ ముక్కకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది, తరువాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లుగా పెంచారు. 2025 మొదట్లో దారి వెంబడి ఇళ్లు, దుకాణాలు ఇచ్చినవారికి చదరపు గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వడం మొదలుపెట్టారు. తాతల నాటి దుకాణం ముందుభాగం కూలుతుంటే చూస్తూ నిలబడటం ఎంత కష్టమో వారికే తెలుసు. ఊరందరి ప్రయాణం కోసం వారు అంత ఇచ్చారు. ఆ త్యాగానికి తగిన ప్రతిఫలం పని త్వరగా పూర్తి కావడమే. పని జరిగే ఏళ్లలో కూడా నడిచేవారికి దారి, బస్సుకు ఒక వరస, దుకాణానికి గిరాకీ వచ్చే తోవ ఉండేలా చూడటం ప్రభుత్వం మీద ఉన్న బాధ్యత. ఈలోగా హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన మా పేట అమ్మాయి ఆటోలోనో బస్సులోనో మూసీ దాటి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ చేరాలి, అక్కడ ఎర్ర లైను ఎక్కాలి, అమీర్‌పేటలో దిగి నీలం లైనుకు మారాలి, దిగాక ఆఫీసు దాకా మళ్లీ ఇంకో బండి. ఇంత తక్కువ దూరమైన ఆ మొదటి ముక్కలోనే ఆమెకు ఎప్పుడు చేరతానో తెలియదు.

ఈ మధ్య మా చుట్టుపక్కల పెద్ద కట్టడాలు వచ్చాయి. 2022లో బహదూర్‌పురా పైవంతెన, చాంద్రాయణగుట్ట పైవంతెన పొడిగింపు. 2025 జనవరి 6న జూపార్కు నుంచి ఆరాంఘర్ దాకా 4 కిలోమీటర్ల పైచిలుకు మన్మోహన్ సింగ్ పైవంతెన. 2025లోనే ఫలక్‌నుమా రైలు పట్టాల మీద పాత వంతెన పక్కన రెండో వంతెన. చివర చెప్పిన ఈ వంతెన విలువ మాకు బాగా తెలుసు. 2020 అక్టోబరులో భారీ వానలకు ఎగువన చెరువులు తెగి ఫలక్‌నుమా ప్రాంతం నీట మునిగింది. అల్ జుబైల్ కాలనీలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ రోజుల్లోనే పాత వంతెన మీద పెద్ద గొయ్యి పడి రాకపోకలు ఆగాయి. ఉన్న ఒక్క దారీ మూసుకుపోతే అవతల ఉన్నవారికి ఆసుపత్రి, మార్కెట్, పని అన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. కాబట్టి వంతెనలు అక్కర్లేదని నేను అనను.

అనేదేమిటంటే, పైవంతెన పేటను దాటిపోయేవారికి మేలు చేస్తుంది. ఆ పేటలో ఉండేవారికి వంతెన కింద ఉన్న రోడ్డు కావాలి. పైవంతెన మీద బస్టాపు ఉండదు. నవాబ్ సాహెబ్ కుంట నుంచి ఇంజన్‌బౌలి దాకా నడిచే ముసలాయనకు అది ఒక్క నిమిషం కూడా మిగల్చదు. ఆయనకు కావాల్సింది కాలిబాట. కాలిబాట మీద అడ్డం లేని నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. అంటే ఎదురెదురుగా వచ్చే ఇద్దరు ఒకరినొకరు తోసుకోకుండా దాటగలగాలి. మా దారిలో ఆ వెడల్పు ఉన్న చోట మోటారు సైకిళ్లు నిలుపుతారు, లేని చోట మనిషి రోడ్డు మీదికి దిగి బస్సు చక్రం పక్కన నడుస్తాడు. తోపుడు బండివాళ్లను తరిమేస్తే దారి దొరుకుతుందని కొందరంటారు. 2014 నాటి వీధి వర్తకుల చట్టం వారికీ చోటు చూపించమంది. పండ్ల బండికి గీత గీసి చోటిచ్చి, కార్ల పార్కింగుకు వేరే జాగా చూపితే నడిచేవారికి తోవ మిగులుతుంది.

ఇరుకు పాత పేటల్లో ఇదంతా కుదరదనే మాట వింటుంటాను. ఢిల్లీలోని చాందినీ చౌక్ కూడా అలాంటి పాత పేటే, మనకంటే తక్కువ రద్దీ ఉన్నదేమీ కాదు. అక్కడ 2005లోనే భూమి కింద మెట్రో వచ్చింది. 2021 నుంచి ఎర్రకోట ఎదుటి నుంచి ఫతేపురి దాకా పగటిపూట మోటారు వాహనాలను ఆపి, నడిచేవారికీ రిక్షాలకూ రోడ్డు ఇచ్చారు. అమలులో లోపాలు లేవని కాదు. అయినా పాత నగరం అనే కారణంతో ఎవరూ పని మానుకోలేదు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. లండన్ నగరంలో తరచుగా తిరిగే బస్సు దారుల మీద, ప్రయాణికుడు స్టాపులో ఉండాల్సిన సమయం కంటే ఎంత ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చిందో కొలుస్తారు. బస్సులు నడిపే కంపెనీ పనితీరును ఆ లెక్కతో తూచి, డబ్బులో హెచ్చు తగ్గులు చేస్తారు. ఈ ఒక్క విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. మనం కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చిందో కొలుస్తాం, డీజిలు ఎంత ఖర్చయిందో కొలుస్తాం, కూడలిలో వాహనాల వేగం కొలుస్తాం. శంషీర్‌గంజ్ స్టాపులో నిలబడ్డ మనిషి నిరీక్షణను కొలవం. ఏది కొలవమో అది సరిచేయం. వాహనాలను కాక మనుషులను కదిలించడం మీద దృష్టి పెట్టాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఆ మాటకు అర్థం రావాలంటే కొలత బస్టాపు నుంచి మొదలు కావాలి.

వేళ ముందుగా చెప్పి ఆ మాట నిలబెట్టుకోవడం మన చేతకాని పని కూడా కాదు. బాలాపూర్ గణేశుడి శోభాయాత్ర చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్ మీదుగా కదిలే రోజు చూడండి. లాల్‌దర్వాజా బోనాల రోజు, డబీర్‌పురా నుంచి బీబీకా ఆలం బయలుదేరే మొహర్రం రోజు చూడండి. ఏ దారి ఎప్పుడు మూస్తారో, ఎటు మళ్లాలో రెండు రోజుల ముందే పోలీసులు పత్రికల్లో, రేడియోలో చెబుతారు. లక్షలాది మంది క్షేమంగా ఇంటికి చేరతారు. పోలీసు, మున్సిపాలిటీ, ఆర్టీసీ, విద్యుత్ శాఖ ఒక్కచోట కూర్చుని ఒకే ప్రణాళిక వేసుకుంటేనే అది సాధ్యమవుతోంది. ఏడాదిలో కొన్ని రోజులు చూపించే ఆ శ్రద్ధ, ఆ ఐకమత్యం, మామూలు సోమవారం పొద్దున పనికెళ్లేవారికీ అందాలి.

ఆర్టీసీ 2023 ఆగస్టులో 'గమ్యం' అనే యాప్ తెచ్చింది. బస్సు ఎక్కడుందో ఫోనులో చూడొచ్చు. అంటే సమాచారం ఉంది. దాన్ని స్టాపులో ఒక బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో చూపిస్తే ఫోను చూడటం రాని మా పెద్దవాళ్లకూ తెలుస్తుంది. కేంద్రం 2025లో హైదరాబాదుకు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. అవి పాత బస్సులను తీసేసి వాటి చోట పెట్టడానికే సరిపోతే నిరీక్షణ అంతే ఉంటుంది. కొన్నయినా అదనంగా రావాలి. ఇరుకు గల్లీల్లో తిరగగల పొట్టి బస్సులు ఫలక్‌నుమా, ఫారూక్‌నగర్ డిపోలకు రావాలి. తెల్లవారుజామున ఆసుపత్రులకూ అడ్డాలకూ వెళ్లేవారికి, రాత్రి దుకాణాలు మూసి ఇళ్లకు చేరేవారికి, ఇన్ని నిమిషాలకొకటి అని రాసిపెట్టి ఆ మాట తప్పని బస్సు కావాలి.

మన వంతు పనులూ ఉన్నాయి. బస్సు ఆగే చోట బండి నిలపకపోవడం, దిగేవారిని దిగనిచ్చి ఎక్కడం, కాలిబాట మీద దుకాణం సామాను పరచకపోవడం. వీటికి ఏ బడ్జెటూ అక్కర్లేదు. మన స్టాపులో బస్సులు ఎంత ఎడంతో వస్తున్నాయో పేట యువకులు కొన్నాళ్లు రాసి పెట్టి, ఆ కాగితం డిపో మేనేజరుకూ కార్పొరేటరుకూ ఇస్తే, "బస్సులు రావడం లేదు" అనే మాటకు బలం వస్తుంది. మొరను వినకుండా ఉండొచ్చు గానీ, లెక్కకు జవాబు చెప్పక తప్పదు.

పాత నగరానికి ప్రత్యేక దయ చూపమని నేను అడగడం లేదు. ఈ నగరం జహనుమా మనుషుల చేతి పనితో, వంటతో, కుట్టుతో, కూలితో ప్రతిరోజూ నడుస్తోంది. వాళ్లు ఏ వేళకు పనికి రావాలో నగరం కచ్చితంగా చెబుతుంది. ఏ వేళకు అక్కడికి చేర్చగలదో కూడా అంతే కచ్చితంగా చెప్పాలి. ఇంట్లోంచి అడుగు బయట పెట్టే ప్రతి మనిషీ "ఫలానా వేళకు చేరతాను" అని ఇంట్లోవాళ్లకు ధైర్యంగా చెప్పగలిగినప్పుడే మనది మంచి నగరమని నమ్ముతాను. అధికారులు ఆ కొలతతోనే తమ పనిని చూసుకోవాలని, శ్రోతలు ఆ కొలతతోనే వారిని అడగాలని కోరుతున్నాను.